ముఖం రంగు

వెంకటరావమ్మ పోయి ఏడాది నిండవస్తుందనగా ఊళ్ళో బొమ్మల మాట వచ్చింది.

కిందటేడు మిరప కోతల్లో, తెల్లారకముందే కూలీలను ఎక్కించుకుని అద్దంకి వైపు చేలకు బయలుదేరిన ట్రాక్టరు కాలవ కల్వర్టు దగ్గర అదుపు తప్పింది. వెనక ట్రక్కు తిరగబడి ముఠాలో ఐదుగురు ఆడవాళ్ళు పోయారు. వాళ్ళలో వెంకటరావమ్మ ఒకరు. ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పే శివరామకృష్ణ మాస్టారికి ఆమె తోడబుట్టిన అక్క.

పోయినవాళ్ళ పేరున ఊరు ఏదో ఒకటి చెయ్యాలనుకుంది. స్తూపం కట్టిద్దామన్నారు కొందరు. బస్టాపు కట్టించి పేర్లు రాయిద్దామన్నారు కొందరు. ఏ మాటా తెగలేదు. చివరికి స్కూల్లో డ్రాయింగు చెప్పే రహమతున్నీసా, స్టాఫ్ రూములో టీ తాగుతూ శివరామకృష్ణతో అంది.

"ఆ ఐదుగురివీ వేలెడేసి బొమ్మలు చేద్దాం మాస్టారూ. మట్టి నేను పిసుకుతాను. రంగులు ఆ ఇళ్ళ పిల్లలే వేస్తారు. మన వరండాలో అద్దాల పెట్టెలో పెడదాం. రాతిమీద పేరైతే చదువొచ్చినోళ్ళే ఆగుతారు. బొమ్మైతే అందరూ ఆగుతారు."

శివరామకృష్ణ సరేనన్నాడు. అని ఇంటికి వచ్చాక, మేనకోడలికి ఆ సంగతి ఎలా చెప్పాలో తోచలేదు.

శ్రీరమ్య తొమ్మిదో తరగతి. తండ్రి ఆమె పసితనంలోనే పోయాడు. తల్లి పోయిన నాటినుంచీ మేనమామ ఇంట్లోనే ఉంటోంది. చదువుకుంటుంది. అత్తకు వంటింట్లో సాయం చేస్తుంది. ఎవరైనా నవ్విస్తే నవ్వుతుంది కూడా. తల్లి మాట మాత్రం ఎత్తదు. ఎవరైనా ఎత్తితే వినీ విననట్టు లేచి, మంచినీళ్ళ బిందె దగ్గరకో బట్టల తాడు దగ్గరకో వెళ్ళిపోతుంది.

బొమ్మల సంగతి చెప్పినప్పుడు మాత్రం లేవలేదు. "ముఖాలు కూడా మేమే వెయ్యాలా మామయ్యా?" అని అడిగింది.

"మీరే."

"నా వల్ల కాదు."

"మేడం నేర్పుతారమ్మా. అంతా కొత్తవాళ్ళేగా."

"వెయ్యడం గురించి కాదు. అమ్మ ముఖం గుర్తు రావట్లా. కళ్ళు మూసుకుంటే ఫ్లెక్సీ కనపడతంది."

శివరామకృష్ణ సంగతీ అంతే. అక్క ఫొటోలు దిగేది కాదు. ఉన్నదల్లా ఆధార్ కార్డులో ముఖం. ఫ్లెక్సీ షాపువాళ్ళు దాన్నే పెద్దది చేసి, నునుపు చేసి, తెల్లగా చేసి, మిగతా నలుగురి పక్కన అతికించారు. ఐదుగురూ ఒకే తల్లి బిడ్డల్లా తయారయ్యారు. ఆ ఫ్లెక్సీ సెంటర్లో ఏడాదిగా ఉంది. రోజూ దాని కిందనుంచే బడికి వెళ్ళాలి. చూసి చూసి, అసలు మనిషి ఎక్కడో వెనక్కి జరిగిపోయింది.

బొమ్మ పెట్టెలోకి వెళ్ళేలోగా ఈ పిల్లకు తల్లి ముఖం దొరకాలి. దొరక్కపోతే, తనే ఇంకొక ఫ్లెక్సీ చేయించి ఇచ్చినట్టవుతుంది. శివరామకృష్ణకు ఆ భయం పట్టుకుంది.

* * *

ఆదివారంనాడు రంగులు కొనడానికి రహమతున్నీసా, ఆయనా గుంటూరు వెళ్ళారు. బొమ్మలకు వాడే రంగులు అద్దంకిలో దొరకవు. దుకాణం యజమాని శ్యామ్ సుందర్ వాళ్ళ ముందు పెద్ద పెట్టె ఒకటి తెరిచాడు. వరసలు వరసలుగా సీసాలు.

"పిల్లలకంటున్నారు కాబట్టి ఇది తీసుకోండి మేడం. అన్ని రంగులూ ఉన్నాయి. కలుపుకునే పనే లేదు. మూత తియ్యడం, వెయ్యడం."

"అందుకే వద్దంటున్నా," అంది రహమతున్నీసా. "తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం ఇవ్వండి. ఒక మట్టిపసుపు, ఒక ముదురు గోధుమ. అన్నీ యాక్రిలిక్. ముందు పూతకి ప్రైమరు. సన్న బ్రష్షులు, మొన చెదరనివి."

"అంతేనా? కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏడు రంగులు ఏం చాలతాయండీ?"

"కొత్తవాళ్ళకే చాలతాయి. సీసాలెక్కువైతే చూపంతా సీసాలమీదే ఉంటుంది. తక్కువైతే మనిషిని చూడక తప్పదు. ఈ రంగు ఎట్లా వస్తుందా అని."

శ్యామ్ సుందర్ ఓడిపోయే రకం కాదు. చిన్న సీసా ఒకటి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. "పోనీ ఇదన్నా తీసుకోండి. స్కిన్ కలరు. ముఖాలకి ఇది లేకపోతే కుదరదు."

రహమతున్నీసా సీసాను వెలుగులో పెట్టి చూసింది. "ఎవరి స్కిన్ అండీ ఇది?"

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. తూకం వేస్తున్న కుర్రాడి చెయ్యి చూశాడు. "మా బంధువుల్లో అయితే ఎవరిదీ కాదులెండి," అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

ఆమె బ్రష్షుల మొనలు నాలుక తడితో పరీక్షించడంలో మునిగిపోయి ఉండగా, శివరామకృష్ణ ఆ సీసాను కూడా సంచిలో వేయించుకున్నాడు. పిల్ల ముఖం దగ్గర ఆగిపోతే ఏదో ఒకటి చేతికి అందుబాటులో ఉండాలి అనుకున్నాడు. అంతకంటే ఆలోచించలేదు.

* * *

బొమ్మలు కాల్చిన మట్టివి. మిరప చెట్ల మీదకు వంగి కాయ కోస్తున్న ఆడవాళ్ళు. చీరమీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు, ఘాటు తగలకుండా ముక్కూ నోరూ మూసి కట్టిన గుడ్డ. కళ్ళ దగ్గర మాత్రం బియ్యపుగింజంత సందు. ఆ ప్రాంతంలో కోతలకు వెళ్ళే ఆడవాళ్ళెవరైనా అట్లాగే ఉంటారు. దూరంనుంచి చూస్తే ఎవరు ఎవరో ఆ ఇంటివాళ్ళకే తెలియదు. చొక్కాను బట్టి పోల్చుకోవాలి.

సాయంత్రం బడి వదిలాక నాలుగిళ్ళ పిల్లలు డ్రాయింగు రూములో కూర్చున్నారు. ఐదో ఇంట్లో బడికొచ్చే పిల్లలు లేరు. కూతుళ్ళకు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. అందుకని, పోయినవాళ్ళలో ఒకరైన సుబ్బరావమ్మ మొగుడు బుల్లయ్యే వచ్చి, పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు.

"ఒరేయ్, కొత్త అడ్మిషనొచ్చిందిరా," అన్నాడు ఒక పిల్లవాడు.

"నేను బళ్ళో ఉన్నప్పుడు మీ అయ్య నా పక్కనేరా. వాడు పలకమీద ఉమ్మేసి తుడిచేవాడు. నేను నీళ్ళతో తుడిచేవాణ్ణి," అన్నాడు బుల్లయ్య.

రహమతున్నీసా బొమ్మల్ని సీసా మూతలమీద మైనంతో అతికించి ఇచ్చింది. పట్టుకోవలసింది మూతని, బొమ్మని కాదు. మొదట ప్రైమరు పల్చగా వేయించింది. కాల్చిన మట్టి రంగును పీల్చేస్తుంది, ఆ దాహం ముందు తీర్చాలి అని చెప్పింది. ఏ రంగైనా నీళ్ళు కలిపి, పల్చటి మజ్జిగలాగా చేసుకుని, ఒక పూత ఆరాక మరొక పూత వెయ్యమంది. చిక్కగా ఒకేసారి వేస్తే వేళ్ళు, మడతలు, కళ్ళు పూడిపోతాయి.

బుల్లయ్యకు ఈ తాత్సారం నచ్చలేదు. "ఇంటి దగ్గర వేసుకొస్తానమ్మా," అని తన బొమ్మను జేబులో పెట్టుకుని పోయాడు.

మర్నాడు తెచ్చి బల్లమీద పెట్టాడు. పైనుంచి కిందిదాకా ఆకుపచ్చగా, కొత్త గేటులా మెరిసిపోతోంది.

"ఎద్దుల కొమ్ములకి వేసే రంగేనమ్మా. ఎండకీ వానకీ చెక్కుచెదరదు. దానికి పచ్చంటే ఇష్టం."

పిల్లలు ఎవరూ నవ్వలేదు. రహమతున్నీసా బొమ్మను చేతిలోకి తీసుకుని నెమ్మదిగా తిప్పి చూసింది. కళ్ళ సందు పూడిపోయింది. వేళ్ళు కలిసిపోయాయి. తువ్వాలు, తల ఒకే ఉండ అయ్యాయి.

"కొమ్ముకి కళ్ళుండవుగా బాబాయ్," అంది.

బుల్లయ్య వంగి దగ్గరగా చూశాడు. చాలాసేపు అట్లాగే చూశాడు. "అవునమ్మా," అన్నాడు. ఇంటికి వెళ్ళకుండా, గోడవారన కూర్చుని పిల్లలు వేస్తుంటే చూస్తూ ఉండిపోయాడు.

శ్రీరమ్య పని శ్రద్ధగా చేసింది. చీర అంచు వేసింది. తువ్వాలు వేసింది. చొక్కా దగ్గర ఆగి, పక్కన నిలబడి చూస్తున్న మేనమామతో, "నీలం వేశాను గానీ ఇంత కొత్తగా ఉండదు మామయ్యా," అంది. అది శివరామకృష్ణ చొక్కాయే. ఏటా కోతల ముందు అక్క వచ్చి, "చేతులు పొడుగుండేది ఇయ్యిరా, రంగేదైనా పర్లా," అని పాతది ఒకటి అడిగి పట్టుకెళ్ళేది. నీలంలో కొంచెం తెలుపు, కొంచెం గోధుమ కలిపితే రంగు వెలిసింది. భుజాల దగ్గర మరికొంచెం తెలుపు. ఎండకు పోయేది అక్కడే. పిల్లకు చెయ్యి కుదిరింది.

ఇక మిగిలింది కళ్ళ సందు.

బ్రష్షు పట్టుకుని కూర్చుంది. ముంచదు, వెయ్యదు. శివరామకృష్ణ కాసేపు చూసి, సంచిలోంచి ఆ చిన్న సీసా తీసి ఆమె ముందు పెట్టాడు. ఆ పిల్ల మామయ్య ముఖంలోకి చూసింది. పెద్దవాళ్ళ మాట కాదనే పిల్ల కాదు. మూత తీసి, సన్న మొనతో ఒక చుక్క పెట్టింది.

గులాబీ రంగు.

బ్రష్షు కింద పెట్టేసింది. "ఇది ఫ్లెక్సీ," అని లేచి వెళ్ళిపోయింది. వరండాలో చెప్పుల చప్పుడు వినబడింది.

రహమతున్నీసా సీసాను చూసింది, మాస్టారిని చూసింది. తడిగుడ్డ తీసుకుని, ఆ చుక్క ఆరకముందే తుడిచేసింది.

* * *

మర్నాడు శ్రీరమ్య బడికి వచ్చింది గానీ డ్రాయింగు రూముకు రాలేదు. శివరామకృష్ణ రమ్మని అనలేదు. రంగుల పలకనూ సీసాలనూ ఇంటికి తెచ్చుకుని, పొద్దు వాలేవేళ పెరటి అరుగుమీద కూర్చున్నాడు. ముదురు గోధుమలో మట్టిపసుపు కలిపి, రవ్వంత ఎరుపు వేసి, తన మణికట్టు మీద రాసుకుని చూశాడు. ఎర్రగా ఉంది. తుడుచుకుని మళ్ళీ కలిపాడు. ఇటుకలాగా ఉంది. మళ్ళీ తుడుచుకున్నాడు.

బట్టలు తీయడానికి వచ్చిన శ్రీరమ్య తాడు దగ్గర నిలబడి చూసింది.

"ఏం చేస్తన్నావు మామయ్యా?"

"నాదీ మీ అమ్మదీ ఒకే రంగేమోనని చూస్తున్నా."

"కాదు," అంది వెంటనే. అని తనే ఆగిపోయింది, అంత గట్టిగా ఎట్లా చెప్పానా అన్నట్టు.

"మరి?"

"అమ్మ ఇంకా నలుపు. అంటే మొత్తం కాదు." బట్టలు అరుగుమీద పడేసి ఎదురుగా కూర్చుంది. ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇక్కడిదాకా చొక్కా ఉంటుందిగా. దీనిపైన నీ అంతే. ఇక్కణ్ణించి వేళ్ళదాకా నలుపు. గీత గీసినట్టు ఉండేది. నాకు జడ వేసేటప్పుడు అద్దంలో ఆ గీత కనపడేది."

ఆయన బ్రష్షు ఆమెకిచ్చాడు.

ఆ పిల్ల గోధుమ ఎక్కువ వేసింది. చాలదంది. నలుపు వేస్తే రంగు చచ్చిపోయినట్టయింది. నీలం ఒక్క చుక్క తగిలించింది. అప్పుడు రంగుకు లోతు వచ్చింది. తన మణికట్టు మీద కాదు, మామయ్య మణికట్టు మీదే, చొక్కా చెయ్యి ఆగేచోటునుంచి కింది భాగమంతా రాసింది. చిటికెన వేలు వరకూ రాసి, చెయ్యి కొంచెం దూరంగా పట్టి చూసింది.

"ఇదే," అంది.

ఆ చేతిని వదల్లేదు. "కాయ కోసొచ్చాక కొబ్బరినూనె రాసుకుని, మజ్జిగతో కడుక్కున్నాక గానీ నన్ను ముట్టుకునేది కాదు మామయ్యా. మంట తగులుద్దని. నేనే ముందు పోయి ముట్టుకునేదాన్ని. 'దూరం జరుగు, దూరం జరుగు' అని అరిచేది. పై పెదవిమీద చెమట ఉండేది. ముక్కు పక్కన మచ్చ..." ఆగింది. "ఈ పక్కనా, ఆ పక్కనా?"

"కుడి," అన్నాడు శివరామకృష్ణ. అన్నాకగానీ అది తనకు గుర్తుందని ఆయనకు తెలియలేదు.

* * *

శ్రీరమ్య మర్నాడు డ్రాయింగు రూములోకి వస్తూనే రహమతున్నీసా ముందు నిలబడింది.

"మేడం, గుడ్డ తీసేద్దాం."

"ఏ గుడ్డ?"

"ముఖాలకి కట్టిన గుడ్డ. అన్నం తినేటప్పుడు తీస్తారుగా. గట్టుమీద కూర్చుని తింటన్నట్టు చేద్దాం. అందర్నీ."

"అంటే బొమ్మలన్నీ మళ్ళీ చెయ్యాలి. అది నా పనిలే, చేస్తా. గుడ్డ ఉంటే కళ్ళ సందు ఒక్కటే గదా వేసేది. తీస్తే ఐదు ముఖాలు వెయ్యాలి. నేను వెయ్యను. మీరే వెయ్యాలి. మీకింకా చెయ్యి తిరగలా."

"తిరగలేదు మేడం. అయినా."

మిగతా పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందుగా తల ఊపింది గోడవారన కూర్చున్న బుల్లయ్య. "మాదెట్లాగూ మళ్ళీ చెయ్యాల్సిందేగదమ్మా," అన్నాడు. దాంతో ఖాయమైపోయింది.

రహమతున్నీసా మళ్ళీ మట్టి పిసికి, మళ్ళీ కాల్పించింది. ఈసారి ఆడవాళ్ళు గట్టున కూర్చుని ఉన్నారు. ఒడిలో టిఫిను గిన్నెలు. గుడ్డలు మెడల్లోకి దిగి ఉన్నాయి. ముఖాలు ఖాళీగా ఉన్నాయి.

ఆ ముఖాలకు చాలా సాయంత్రాలు పట్టాయి. వేశారు, తుడిచారు, మళ్ళీ వేశారు. ఒక పిల్లవాడు వాళ్ళ నాయనమ్మకు పొరపాటున మీసాలు పెట్టి, "ఉండేయి మేడం, కొంచెం ఉండేయి," అని వాదించాడు. బుల్లయ్య బ్రష్షు జారి సుబ్బరావమ్మ చూపు పక్కకు పోయింది. దిద్దబోతే, "ఉంచమ్మా, నన్ను అట్లాగే చూసేది," అన్నాడు. స్కిన్ కలరు సీసాను ఎవరూ ముట్టుకోలేదు. ప్రతి ఇల్లూ తన రంగు తను కలుపుకుంది. ఐదూ గోధుమలే, ఏ రెండూ ఒకటి కాదు.

శ్రీరమ్య అందరికంటే ఆలస్యంగా ముగించింది. ముక్కు పక్క మచ్చ పెట్టి, బ్రష్షు కడిగి, బొమ్మను మామయ్యకు చూపించింది.

"అమ్మలాగా లేదు గదా?"

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. చెప్పినా ఈ పిల్ల నమ్మదు. "ముఖం పూర్తిగా రాలేదు. రంగు మాత్రం అక్కదే," అన్నాడు.

"ఊఁ," అంది. బాధపడలేదు. "ముఖం నాకు గుర్తొచ్చిందిలే."

* * *

సంవత్సరీకానికి ముందురోజు మధ్యాహ్నం, వరండాలో అద్దాల పెట్టె తలుపు తీసి బొమ్మల్ని సర్దారు. ఎవరిది వాళ్ళు పెట్టారు. రహమతున్నీసా చెప్పినట్టు, చూసేవాళ్ళకు ముఖాలు కనబడేలా వరసగా, ముందుకు తిప్పి పెట్టారు.

శ్రీరమ్య తన బొమ్మ పెట్టి, వెనక్కి జరిగి చూసింది. నచ్చలేదు. మళ్ళీ వెళ్ళి, తల్లిని సుబ్బరావమ్మ వైపుకు తిప్పేసింది. ఇప్పుడు ముందునుంచి చూస్తే వెంకటరావమ్మ భుజమూ, వెలిసిన నీలం చొక్కా, చెవీ మాత్రమే కనబడుతున్నాయి.

"అదేందమ్మా, అంత కష్టపడి ముఖమేసి అటు తిప్పావు?" అన్నాడు బుల్లయ్య. "జనానికి కనపడొద్దూ?"

"అన్నం తినేటప్పుడు అమ్మ జనాన్ని చూసిద్దా పెదనాన్నా? మాటలన్నీ పెద్దమ్మతోనేగా."

బుల్లయ్య ఆలోచించాడు. తన మోటు వేళ్ళతో జాగ్రత్తగా, సుబ్బరావమ్మను కూడా కొంచెం తిప్పాడు. పక్క చూపు సరిగ్గా వెంకటరావమ్మ మీద పడింది. మిగతా పిల్లలూ తమవాళ్ళను కొంచెం కొంచెం లోపలికి తిప్పారు. ఐదుగురూ గుండ్రంగా కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో ఏదో నడుస్తోంది. బయటివాళ్ళకు చోటు లేదు.

శివరామకృష్ణ పెట్టె పక్కకు వెళ్ళి, వంగి, అద్దానికి దగ్గరగా ముఖం పెట్టి చూశాడు. అక్కడినుంచి అక్క కనబడింది.

"ఏం చెప్తందంటావమ్మా మీ అమ్మ, మా దానికి?" అని అడిగాడు బుల్లయ్య.

శ్రీరమ్య మంచినీళ్ళ దగ్గరకు వెళ్ళలేదు. పెట్టెవైపు చూస్తూ నిలబడింది.

"కూర బాలేదని చెప్తంది."

"అబ్బో! అయితే అది నేను వండిందే అయ్యుంటది," అన్నాడు బుల్లయ్య. "కోతల రోజుల్లో తెల్లారగట్ట పొయ్యి దగ్గర నేనేగా." నవ్వాడు. నవ్వుతూనే భుజంమీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఉప్పు ఎక్కువేసేవాడివంట పెదనాన్నా," అంది శ్రీరమ్య. "అమ్మ ఇంటికొచ్చి రోజూ చెప్పేది."